సూది ఎవరి చేతిలో ఉండాలి

తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యం గురించి రాజకీయ చర్చ ఎప్పుడు వచ్చినా అది చివరకు కార్డు దగ్గరికో, అంబులెన్సు దగ్గరికో, కొత్తగా కట్టబోయే ఆసుపత్రి పడకల సంఖ్య దగ్గరికో చేరుతుంది. 2005లో వచ్చిన 108 సేవ, 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో, ఎన్ని కుటుంబాలను వడ్డీ అప్పుల నుంచి తప్పించాయో తెలిసినవాణ్ణే కనుక వాటిని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. కాని ఆ రెండూ జబ్బు ముదిరిన తర్వాత అక్కరకు వచ్చేవి. జబ్బు ముదరకముందు ఊళ్ళో ఏం జరుగుతోంది, అక్కడ ఏది సమస్యో తేల్చే అధికారం ఎవరికి ఉంది, ఆ సమస్యను ఎదుర్కొనే పనిముట్టు ఎవరి చేతికి ఇస్తున్నాం అనే ప్రశ్నలు మన చర్చల్లోకి చాలా అరుదుగా వస్తాయి. వచ్చినా “ప్రజల భాగస్వామ్యం” అనే మాటతో ముగిసిపోతాయి. ఆ మాటను ప్రభుత్వ పత్రాల్లో చూసినప్పుడల్లా నాకు అనుమానమే కలుగుతుంది. ప్రజల్లో ఎవరో ఒకరు జీతం లేకుండానో, అరకొర పారితోషికంతోనో పని చేయాలన్న అర్థంలోనే దాన్ని ఎక్కువగా వాడుతున్నారు. సముదాయం తన ఆరోగ్యాన్ని తాను చూసుకోగలదని చూపిన ప్రయోగాలు మన దేశంలోనే ఉన్నాయని, వాటి ఫలితాలు ప్రపంచమంతా ఒప్పుకున్నవేనని, అయితే వాటిని విస్తరించిన ప్రతిసారీ ప్రభుత్వాలు శ్రమను మాత్రమే స్వీకరించి అధికారాన్ని వదిలేశాయని నా వాదన.

ఇందుకు నేను తీసుకునే ప్రధాన ఉదాహరణ దూరపుది కాదు. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నిలబడితే అవతల కనిపించేది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి ఏర్పాటు చేసిన ఆ జిల్లాలో దక్షిణాన ఉన్న సిరోంచ ప్రాంతంలో ఇంటి భాష ఇప్పటికీ చాలామందికి తెలుగే. గోండులు, మాడియాలు ఎక్కువగా ఉండే ఆ అడవి జిల్లా గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు ఎదురుకాల్పులవే కావడం మన దురదృష్టం. వైద్య ప్రపంచానికి ఆ పేరు పరిచయమైంది మాత్రం వేరే కారణంగా.

నాగపూర్‌లో వైద్యవిద్య, ఆ తర్వాత అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్య విద్య ముగించుకున్న అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980ల నడుమ అక్కడికి వచ్చి ‘సెర్చ్’ అనే సంస్థను స్థాపించారు. వారు మొదట చేసిన పనుల్లో ఒకటి సికిల్ సెల్ అనే వంశపారంపర్య నెత్తురు జబ్బుపై పరిశోధన. ఫలితాలు గట్టివే, ప్రభుత్వం దృష్టికీ వచ్చాయి. అయితే ఆ జబ్బు గురించి ఏదైనా చేయమని జనం తమను ఎప్పుడూ అడగలేదనీ, అది తమకు ఆసక్తికరమైన ప్రశ్న మాత్రమేననీ ఆ దంపతులు తర్వాత బాహాటంగానే చెప్పుకున్నారు. 1989లో రాణీ బంగ్ బృందం రెండు గ్రామాల్లోని 650 మంది స్త్రీలను పరీక్షించి ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. వారిలో నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని, అంతకుముందు ఒక్కసారైనా అటువంటి పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మందేనని ఆ అధ్యయనం తేల్చింది. అప్పటిదాకా గ్రామీణ స్త్రీ ఆరోగ్యమంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలే. తెల్లబట్ట, కడుపులో నొప్పి, నెలసరి బాధల గురించి అడిగిన వ్యవస్థ లేదు కనుక చెప్పిన స్త్రీలూ లేరు.

ఆసుపత్రి కట్టే ముందు వారు ఆదివాసులను అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబులు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనవిగా కనిపిస్తాయి. మీరు దవాఖానకు ఎందుకు రారు అని అడిగితే పేదరికం, దూరం అన్న జవాబులే వస్తాయని మనం అనుకుంటాం. కాని వాళ్ళు చెప్పిన కారణాల్లో కొన్ని వేరు. డాక్టర్లూ నర్సులూ తెల్లబట్టలు కట్టుకుంటారు; మేము శవాన్ని చుట్టేది తెల్లగుడ్డలో; అటువంటి బట్టలు కట్టుకున్నవాళ్ళు ప్రాణం ఎలా పోస్తారు? రోగిని లోపల పెట్టుకుని బంధువులను బయటికి పొమ్మంటారు; మేము అలా విడిచి ఉండలేం. పైగా మీ దవాఖానలో దేవత ఎక్కడుంది? ఈ మాటలను మూఢనమ్మకాలని కొట్టిపారేసి ఒక అవగాహన సదస్సు పెట్టడం సులభం. గడ్చిరోలిలో అలా జరగలేదు. ఆసుపత్రిని గోండు పల్లె తీరులో, రోగి పక్కన కుటుంబం కూడా ఉండడానికి వీలయ్యే కుటీరాలుగా కట్టారు. దానికి ఆ ప్రాంతపు ఇలవేల్పు దంతేశ్వరి పేరు పెట్టారు. ఏటా జనం కూడి ఆ ఏడు ఏ సమస్య మీద పని చేయాలో చెప్పే ఆరోగ్య సభలు మొదలయ్యాయి. మన పట్టణాల్లోని పెద్దాసుపత్రుల కారిడార్లలో చాపలు పరుచుకుని పడుకునే తల్లులను, వారిని గదమాయించే కాపలాదారులను చూసిన వారెవరికైనా ఆ రెండో కారణం ఆదివాసులకే పరిమితం కాదని అర్థమవుతుంది.

ఇక పసికందుల విషయం. 1990ల్లో గడ్చిరోలి పల్లెల్లో కాన్పులు చాలావరకు ఇళ్ళల్లోనే, మంత్రసాని చేతుల మీదుగా జరిగేవి. పురిటి మైల పాటించే చోట పచ్చి బాలింత, బిడ్డ ఉండే గదిలోకి పరాయి మగవాడు అడుగుపెట్టలేడు కనుక డాక్టరు ఊరికి వచ్చినా చేయగలిగింది తక్కువ. సెర్చ్ బృందం ఇళ్ళకు వెళ్ళి పరిశీలించినప్పుడు పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా వైద్య సహాయం అవసరమైన స్థితిని ఎదుర్కొన్నారని, అది నిజంగా అందింది మాత్రం నూటికి ముగ్గురికన్నా తక్కువమందికేనని తేలింది. బిడ్డ పుట్టిన మొదటి నెలలో చనిపోవడానికి కారణాలు అంతుపట్టనివేమీ కావు: పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకపోవడం, బరువు తక్కువ కావడం, ఒళ్ళు చల్లబడిపోవడం, నెత్తురుకు సోకే ఇన్‌ఫెక్షను, న్యుమోనియా. వీటిలో చాలావాటిని తొలి గంటల్లో గుర్తించగలిగితే చేయవలసిన పని పెద్దది కాదు. గుర్తించగల మనిషి ఆ గదిలో ఉండాలి, అంతే.

ఆ మనిషి అదే ఊరి ఆడది కావాలని వారు తేల్చుకున్నారు. 1995లో 39 గ్రామాల్లో కొద్దిగా చదువుకున్న స్త్రీలను ఎంపిక చేసి ఆరోగ్యదూతలుగా తయారు చేశారు. బిడ్డ బరువు తూయడం, ఉష్ణోగ్రత చూడడం, ఒంటికి గుడ్డ చుట్టి వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, ఊపిరి తీసుకోని బిడ్డకు సంచీ, ముసుగు సాయంతో శ్వాస ఇవ్వడం నేర్పారు. అంతకుముందే న్యుమోనియా కోసం మంత్రసానులకు ఒక చిన్న పరికరం తయారు చేసి ఇచ్చారు. చదువు రాని మనిషి నిమిషానికి యాభై అరవై శ్వాసలు ఎలా లెక్కపెడుతుందన్న ప్రశ్నకు అది జవాబు: నిమిషం కొలిచే ఇసుక గడియారం, దాని పక్కన కొన్ని పూసలు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక కారిపోకముందే చివరి పూస దాకా వచ్చిందంటే బిడ్డకు మందు కావాలి. “డొక్కలెగరేస్తోంది” అని మన అమ్మమ్మలు కంటితో చూసి చెప్పిన దానికే ఆ పూసలు ఒక కొలత ఇచ్చాయి.

ఫలితాలు 1999లో ‘లాన్సెట్’లో వచ్చాయి. ఆ 39 గ్రామాల్లో పుట్టిన ప్రతి 1000 మందిలో నెల లోపు చనిపోయే బిడ్డల సంఖ్య 62 నుంచి మూడో ఏటికి 25.5కు పడిపోయింది. పోలిక కోసం ఎంచుకున్న 47 గ్రామాల్లో అదే కాలంలో తగ్గుదల లేదు. నెత్తురు ఇన్‌ఫెక్షను సోకిన బిడ్డల్లో అంతకుముందు నూటికి 16.6 మంది చనిపోతుండగా అది 2.8కి వచ్చింది. ఖర్చు ఒక్కో బిడ్డకు 5.3 డాలర్లు. ఈ అంకెలు ఎంత అసాధారణమైనవో చెప్పాలంటే, ఇంటి దగ్గరే పసికందుల సంరక్షణ సాధ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2009లో ప్రకటన ఇవ్వడానికి గడ్చిరోలి, దాని తర్వాత దక్షిణాసియాలో జరిగిన ఇటువంటి ప్రయోగాలే ఆధారం.

వివాదమైంది మరొకటి. ఆ ఆరోగ్యదూతలు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షను కూడా చేసేవారు. బిడ్డలో నిర్ణీత లక్షణాలు కనిపించి, ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి కుటుంబం ఒప్పుకోనప్పుడు, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని కండరంలోకి సూది వేసి, నోటి ద్వారా కో-ట్రైమోక్సజోల్ అనే మరో యాంటీబయాటిక్ పట్టించేవారు. డాక్టర్లలో చాలామందికి ఇది మింగుడు పడలేదు. ఏడెనిమిది తరగతులు చదివిన పల్లెటూరి ఆడమనిషి నెలలు నిండని బిడ్డ తొడకు సూది గుచ్చడమా అన్నది వారి అభ్యంతరం. ఆ భయం వెనుక న్యాయం లేదని నేను అనను; మందు మోతాదు తప్పితే మూత్రపిండాలకు, వినికిడికి హాని జరిగే మందు అది. అయినా ఆ అభ్యంతరాన్ని మన తెలుగు పల్లెలో నిలబెట్టి చూస్తే దాని అసలు రంగు బయటపడుతుంది. మన ఊళ్ళల్లో సూది ఎవరి చేతిలో ఉంది? ఆర్‌ఎంపీ చేతిలో. జ్వరానికి, నీరసానికి, ఒళ్ళునొప్పులకు, కొన్నిసార్లు కేవలం రోగి అడిగినందుకు, ఏ మందు ఎందుకిస్తున్నాడో రాతపూర్వకంగా ఎక్కడా లేకుండా, ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకుండా అతను దశాబ్దాలుగా ఇంజెక్షన్లు చేస్తూనే ఉన్నాడు. నిర్ణీత శిక్షణ, నిర్ణీత మోతాదు, ప్రతి సూదికీ రాత, పైన పర్యవేక్షించే డాక్టరు ఉన్న స్త్రీకి మాత్రం అది నిషిద్ధం. ప్రమాదమే కారణమైతే ముందు ఆగవలసినది ఆర్‌ఎంపీ సూది. కాబట్టి అడ్డుపడుతున్నది ప్రమాద భయం ఒక్కటే కాదు; ఎవరికి విద్య తెలియాలి, ఎవరికి కూడదు అనే పాత లెక్క కూడా ఇందులో ఉంది.

2011లో కేంద్ర ప్రభుత్వం గడ్చిరోలి పద్ధతిని దేశమంతటికీ విస్తరించి ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు బిడ్డను చూడాలి. అన్ని సందర్శనలూ పూర్తయితే 250 రూపాయలు. పద్ధతిలో ఇళ్ళకు వెళ్ళడం వచ్చింది, తూకం వచ్చింది, ఫారం వచ్చింది. ఇంజెక్షను రాలేదు. ఏటా కూడే సభ రాలేదు. బిడ్డకు ఏదైనా తేడాగా ఉంటే పై ఆసుపత్రికి పంపాలన్న సూచన వచ్చింది. మా పెద్దమ్మ కూతురు ఆశాగా పని చేస్తుంది. “అక్కా, బిడ్డకు బాగాలేదని నీకు తెలిసిపోయినప్పుడు ఏం చేస్తవు?” అని అడిగితే, “ఏం జేస్త తమ్మీ, పెద్ద దవఖానకు తీస్కపోన్రి అని చెప్త. ఆళ్ళు ఆర్‌ఎంపీ కాడికి పోతరు. నేను ఫోన్‌ల ఎక్కిస్త” అంది. ఫోన్‌లో ఎక్కించడమంటే యాప్‌లో వివరాలు నమోదు చేయడం. ఆమె రోజులో మనుషులతో గడిపే సమయానికి, రిజిస్టర్లతో, ఫోన్‌తో గడిపే సమయానికి మధ్య పోటీ ఉంది, అందులో మనుషులు ఓడిపోతున్నారు. బీపీ, షుగరు పరీక్షల జాబితా, క్షయ అనుమానితుల జాబితా, జ్వర సర్వే, గర్భిణుల నమోదు, టీకాల పిలుపులు అన్నీ ఆమెవే. వాటిలో ఏదీ ఊరు అడిగినది కాదు.

మార్గదర్శకాల ప్రకారం ఆశాను ఎంపిక చేయవలసినది గ్రామసభ. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన మితానిన్ కార్యక్రమంలో ఒక్కో పేట తన మితానిన్‌ను, అంటే తన ఆరోగ్య కార్యకర్తను, తాను ఎంచుకున్నది కనుక ఆమె ముందు తన పేటకు జవాబుదారు, తర్వాతే శాఖకు. 2005లో జాతీయ స్థాయిలో ఆశా పథకం ఆ అనుభవం మీదే నిర్మించారు. కాని మన దగ్గర ఆశా నియామకం ఎలా జరిగిందో ఏ ఊళ్ళో అడిగినా సర్పంచి పేరో, స్థానిక నాయకుడి పేరో వినిపిస్తుంది. గ్రామసభ గురించి చెప్పేవారు నాకు తారసపడలేదు.

గడ్చిరోలి ఉదాహరణలో ఒక బలహీనత ఉంది, దాన్ని దాటవేయకూడదు. అక్కడ అసాధారణమైన ఇద్దరు డాక్టర్లు, వారి జీవితకాలపు నిబద్ధత ఉన్నాయి; అటువంటివారు ప్రతి జిల్లాకూ దొరకరు. అందుకే ఝార్ఖండ్, ఒడిశాల్లో ‘ఏక్‌జుట్’ సంస్థ చేసిన పనికి నేను అంతకన్నా ఎక్కువ విలువ ఇస్తాను. అక్కడ మందు లేదు, సూది లేదు, ఆసుపత్రి లేదు. సరాయికేలా ఖర్సావాఁ, పశ్చిమ సింగ్‌భూమ్, కేంఝర్ జిల్లాల్లో 2005 నుంచి 2008 దాకా స్త్రీల బృందాలు నెలకోసారి కూర్చున్నాయి. నడిపించేది స్థానిక స్త్రీయే, ఆరోగ్య కార్యకర్త కాదు. బొమ్మల కార్డులు, కథలు, ఆటల సాయంతో తమ ఇళ్ళల్లో బాలింతలకు, బిడ్డలకు ఏం జరిగిందో చెప్పుకున్నారు. ఏ సమస్య ముందు అన్నది తామే ఓటు వేసి తేల్చుకున్నారు. ఏం చేయాలో తామే నిర్ణయించుకుని, తర్వాత మిగతా ఊరిని పిలిచి చెప్పారు. ఆ పని చివరి రెండేళ్ళల్లో బృందాలు లేని ప్రాంతాలతో పోలిస్తే నెల లోపు శిశు మరణాలు 45 శాతం తక్కువగా నమోదయ్యాయి. మూడో ఏట తల్లుల్లో మోస్తరు స్థాయి మానసిక కుంగుబాటు 57 శాతం తక్కువగా ఉండడం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. ఇందులో గమనించవలసినది మరొకటి: ఆసుపత్రికి వెళ్ళేవారి సంఖ్య చెప్పుకోదగినంత పెరగలేదు. మార్పు ఇంట్లోనే జరిగింది. పురుడు పోసే మనిషి చేతులు కడుక్కుంది, బొడ్డు కట్టే దారం మరగబెట్టారు, బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ పెట్టలేదు. ఈ సలహాలన్నీ అంతకుముందు గోడల మీద రాసి ఉన్నవే. గోడ మీది రాత చేయలేని పనిని నెలనెలా కూర్చుని మాట్లాడుకోవడం చేసింది.

అదే సమయంలో బంగ్లాదేశ్‌లో దాదాపు ఇదే పద్ధతితో జరిగిన ప్రయోగం ఫలితం ఇవ్వలేదు. ఆ వైఫల్యం దాచిపెట్టవలసినది కాదు, చదవవలసినది. ఝార్ఖండ్, ఒడిశాల్లో 468 మంది జనాభాకు ఒక బృందం ఉండగా, బంగ్లాదేశ్‌లో 1414 మందికి ఒకటి. పలచగా పరిచారు. తర్వాత అదే దేశంలో 309 మందికి ఒక బృందం చొప్పున ఏర్పాటు చేసి మళ్ళీ ప్రయత్నించినప్పుడు పసికందుల మరణాలు 38 శాతం తగ్గాయి. నాలుగు దేశాల్లో జరిగిన ఏడు ప్రయోగాలను కలిపి 2013లో లెక్క వేసినవారు, గర్భిణుల్లో కనీసం నూటికి 30 మంది సమావేశాలకు వచ్చిన చోట్ల పసికందుల మరణాలు మూడో వంతు, తల్లుల మరణాలు దాదాపు సగం తగ్గినట్టు చూపారు. సమావేశానికి కూడా మందులాగే మోతాదు ఉంది. సగం మోతాదు ఇచ్చి మందు పనిచేయలేదనడం మన ప్రభుత్వ శాఖలకు బాగా అలవాటైన పని.

ఇలా కూర్చుని మాట్లాడుకుని తమ జబ్బును తామే గుర్తించిన అనుభవం మనకు కొత్త కూడా కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు పాఠంలో తాగుడు వల్ల చితికిన కాపురం కథ చదివి, అది తమ కథేనని చెప్పుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే 1993లో, కొన్నేళ్ళ ఆందోళన తర్వాత, గడ్చిరోలిలోనూ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. మనం సారా ఉద్యమాన్ని సాధారణంగా స్త్రీల ఉద్యమంగానో, రాజకీయ పరిణామంగానో చెప్పుకుంటాం. కాలేయం, క్షయ, గృహహింస, పిల్లల పోషణ అన్నీ ఒక్క సీసా దగ్గర కలిసే చోట ఊరు తనంతట తానే కారణాన్ని గుర్తించి దాని మీదికి వెళ్ళడం ప్రజారోగ్య చర్య కాకపోతే మరేమిటో నాకు తెలియదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో తొలగిపోయింది. దానికి ఖజానా కారణాలు ఎన్ని చెప్పినా, నిషేధాన్ని నిలబెట్టిన స్త్రీలను సంప్రదించి తొలగించలేదన్నది మాత్రం వాస్తవం.

ఊరిని మరీ అందంగా చిత్రిస్తున్నానని కొందరు అనవచ్చు. ఆ విమర్శకు బలం ఉంది. ఊరు అనేది ఒకటి లేదు. వాడ ఉంది, పేట ఉంది, తండా ఉంది, గూడెం ఉంది. సమావేశం ఎవరి అరుగు మీద జరుగుతుందో దాన్నిబట్టే ఎవరు వస్తారో తేలిపోతుంది. ఈ విషయంలో దారి చూపినవారు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో పని మొదలుపెట్టిన రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే. కరవు ప్రాంతంలో జనానికి మొదట కావలసింది నీళ్ళు. వారు చేతిపంపులను దళితవాడల్లో వేయించడంతో మిగతా కులాలవారు నీటి కోసం అక్కడికి రావలసి వచ్చింది. ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా వారు తీర్చిదిద్దిన స్త్రీలలో చదువు రానివారు, దళితులు చాలామంది ఉన్నారు. పెద్ద కులాల ఇళ్ళల్లోకి వారు కాన్పు చేయడానికి అడుగుపెట్టారు. అంటే సముదాయం పేరు చెప్పి కులాన్ని పక్కన పెట్టినవారు కాదు, కులాన్ని లెక్కలోకి తీసుకుని పథకం వేసినవారే ఫలితం సాధించారు. మన గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీలకు ఏటా పదివేల రూపాయల నిధి ఉంది. ఆ కమిటీలో తాము సభ్యులమని తెలియని సభ్యులను నేను కలిశాను. తెలిసినా ఆ పదివేలు ఎక్కడ ఖర్చు పెట్టాలో పైనుంచి వచ్చిన సర్క్యులరే చెబుతుంది.

పేదలకు రెండోరకం వైద్యం అంటగడుతున్నారన్న విమర్శ ఇంకా తీవ్రమైనది. పట్నంలో ఉన్నవాడికి పిల్లల డాక్టరు, అడవిలో ఉన్నవాడికి పూసలు లెక్కపెట్టే మంత్రసానా? ఈ ప్రశ్న అడిగేవారు ఆ అడవిలో పిల్లల డాక్టరును నియమించి, అతను అక్కడ నివసించేలా చూడగలిగితే నేను సంతోషంగా ఓడిపోతాను. అయితే డాక్టరు ఉన్న చోట కూడా సముదాయం గొంతు లేకపోతే ఏమవుతుందో చూడడానికి తెలంగాణకన్నా మంచి ఉదాహరణ లేదు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అందులో సిజేరియన్లు అన్ని కాన్పుల్లో 60.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. జనాభా స్థాయిలో పది శాతానికి మించి సిజేరియన్లు చేసినందువల్ల తల్లీబిడ్డల ప్రాణాలకు అదనపు మేలు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముహూర్తాలు, ప్రైవేటు ఆసుపత్రుల లాభాలు, నొప్పుల భయం, రాత్రి పూట డాక్టరు లేకపోవడం అన్నీ కలిసి తయారైన ఈ అంకె గురించి స్త్రీలు ఒకచోట కూర్చుని ఎవరికి ఎందుకు కోశారు, ముందు ఎవరు చెప్పారు, తర్వాత ఏమైంది అని పోల్చుకునే వేదిక లేదు. ఒక్కొక్కరికీ అది తన ఒక్కదాని కథే. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఐరన్ మాత్రలు పంచుతూనే ఉన్నారు, అవి అటక మీదికి చేరుతూనే ఉన్నాయి. వేసుకుంటే వికారంగా ఉంటుందన్న ఒక్క మాటకు జవాబు చెప్పగల తీరిక మాత్రలు పంచే మనిషికి లేదు.

ఇప్పటి జబ్బులు వేరు, బీపీకీ షుగరుకూ ఈ పాత పద్ధతులు ఎందుకు అనేవారి కోసం మరో బంగ్లాదేశ్ ప్రయోగం చెప్పాలి. ఫరీద్‌పూర్ జిల్లాలోని 96 గ్రామాలను మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో స్త్రీలు, పురుషులు వేరువేరుగా నెలనెలా సమావేశమై షుగరు గురించి చర్చించి, ఏం చేయాలో తామే నిర్ణయించుకున్నారు. రెండో భాగంలో ఫోన్లకు ఆరోగ్య సందేశాలు పంపారు. మూడో భాగం మామూలుగానే ఉంది. 2019లో ప్రచురించిన ఫలితాల్లో సమావేశాలు జరిగిన గ్రామాల్లో మధుమేహం, దాని ముందు దశ కలిపి గణనీయంగా తక్కువగా ఉన్నాయి. ఫోన్ సందేశాలు వచ్చినవారికి విషయం బాగా తెలిసింది, జబ్బు మాత్రం తగ్గలేదు. మన ప్రభుత్వాలు రెండూ ప్రస్తుతం ఏ భాగాన్ని అనుసరిస్తున్నాయో పాఠకులు తమ ఫోన్లు చూసుకుంటే తెలుస్తుంది.

ఝార్ఖండ్‌తో పోలిస్తే మనకు ఒక సౌకర్యం ముందే ఉంది. పొదుపు సంఘం లేని తెలుగు పల్లె లేదు. నెలనెలా కూర్చోవడం, పుస్తకం రాయడం, ఒకరి వాయిదా ఇంకొకరు అడగడం, బ్యాంకుకు కలిసి వెళ్ళడం మన స్త్రీలకు రెండు మూడు దశాబ్దాలుగా అలవాటు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామైక్య సంఘాలు గర్భిణులకు, బాలింతలకు భోజన కేంద్రాలు నడిపిన చరిత్ర కూడా ఉంది. ఆ సంఘాలను ప్రభుత్వాలు అప్పులకు, పథకాల ప్రచారానికి, సభలకు జనాన్ని తరలించడానికి వాడుకున్నాయి. ఆరోగ్యం మీద నిర్ణయాధికారం మాత్రం ఇవ్వలేదు.

కనుక నేను కోరేవి పెద్ద పథకాలు కావు. మూడువేల జనాభా ఉన్న ఊరికి ఆరేడు బృందాలు, వాటిని నడపడానికి అదే ఊరి స్త్రీకి పూర్తికాలపు జీతం. ఆశాకు కూడా జీతమే, పారితోషికం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు పదివేలు చేశారు. తెలంగాణలో 18,000 స్థిర వేతనం కోసం ఆశాలు ఏళ్ళుగా రోడ్డెక్కుతూనే ఉన్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు పది లక్షల మంది ఆశాలకు పురస్కారం ఇచ్చినప్పుడు అభినందించిన ప్రభుత్వాలే వారిని ఉద్యోగులుగా గుర్తించడానికి ఒప్పుకోవడం లేదు. జీతం ఇస్తే సేవాభావం పోతుందన్న వాదన జిల్లా వైద్యాధికారి విషయంలో ఎవరూ ఎందుకు చేయరో ఆలోచించాలి. కమిటీకి ఇచ్చే పదివేలను కనీసం లక్ష చేసి, ఖర్చు మీద సర్క్యులర్లు ఆపాలి. ఊళ్ళో ఒక తల్లి గానీ పసికందు గానీ చనిపోతే ఆ విచారణ నివేదిక జిల్లా కేంద్రంలోనే ఆగిపోకుండా, కుటుంబం ఒప్పుకుంటే, గ్రామసభకు తిరిగి రావాలి. ఏ ఆసుపత్రి ఎన్ని సిజేరియన్లు చేసిందో మండలాలవారీగా సంఘాల సమావేశాలకు పంపాలి. పసికందు ప్రాణం పోయేటట్టున్నా ఆసుపత్రికి వెళ్ళలేని ఏజెన్సీ గూడేల్లో, వానాకాలం వాగులు పొంగి దారి మూసుకుపోయే చోట్ల, శిక్షణ పొందిన ఆశా చేతికి జెంటామైసిన్ ఇవ్వాలి. ఆసిఫాబాద్‌లో, భూపాలపల్లిలో, పాడేరులో అటువంటి గూడేల జాబితా వైద్య శాఖ దగ్గర ఏటా వర్షాలకు ముందు తయారవుతూనే ఉంటుంది. గర్భిణులను ముందే తరలించడానికి ఆ జాబితాను వాడుతున్నారు. ప్రయోగం అక్కడి నుంచే మొదలు కావచ్చు.